గలగల టీచరు, నలభై ఒక్కమంది

బడి గోడకి ఆనుకుని కుట్టుమిషను పెట్టుకున్నాయనకి గడియారంతో పని ఉండేది కాదు. ఏడో తరగతి బి సెక్షను కేక వినబడిందంటే పదిన్నర అయినట్టు. రెండోసారి వినబడిందంటే మధ్యాహ్నం మూడు. మధ్యలో వినబడకపోతే లెక్కల టీచరు సెలవు పెట్టిందని ఆయన తన గిరాకీలకి చెప్పేవాడు.

ఆ కేక పుట్టే పద్ధతి ఇది. టీచరు బల్ల ముందు నిలబడి, "త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే నూట ఎన..." అని ఆగి, చెయ్యి పైకి లేపుతుంది. "భై!" అని నలభై ఒక్క గొంతులు ఒక్కసారే లేస్తాయి. "వృత్తం మధ్యనుంచి అంచుదాకా గీసే గీత వ్యాసా..." "ర్థం!" "అర్థమైం..." "దీ!" ఇలా నలభై అయిదు నిమిషాలు. చూరు మీద పావురాలు కూడా దానికి అలవాటు పడి కదిలేవి కావు. ఎప్పటి పిల్లలు పెట్టారో తెలియదు గానీ ఆమెకి గలగల టీచరు అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు వెనక నవ్వు ఉందని ఆమెకి తెలుసు, గౌరవం ఉందనీ తెలుసు. అందుకే ఎవరినీ ఏమీ అనేది కాదు.

ఈ పద్ధతి ఆమె ఎక్కడా చదివి నేర్చుకోలేదు. పాతికేళ్ళ వయసులో మొదటిసారి ఉద్యోగంలో చేరినప్పుడు నాలుగు తరగతులకి ఒకటే హాలు. నాలుగు గోడలకి నాలుగు నల్లబల్లలు. ఎవరి గొంతు పెద్దదైతే పిల్లలు వాళ్ళవైపు తిరిగేవారు. సన్నగా మాట్లాడే తెలుగు మాస్టారి క్లాసు మొత్తం ఆయనకి వీపు చూపించి పక్క గోడవైపు కూర్చునేది. ఆ సంతలో బతకాలంటే పిల్లల నోళ్ళు తన చేతిలో ఉండాలని ఆమెకి వారం రోజుల్లో తెలిసిపోయింది. సగం మాట తను అనడం, సగం వాళ్ళచేత అనిపించడం అలా మొదలైంది. ఆ ఏడు తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలోనే నిలబడి రెండు నిమిషాలు విని, రిజిస్టరులో "తరగతి సజీవంగా ఉన్నది" అని రాసి వెళ్ళాడు. ఆ మూడు మాటల మీద ఆమె ఇరవై ఆరేళ్ళు బతికింది.

ఇరవై ఏడో ఏట హెడ్మాస్టరు ఆమెని గదిలోకి పిలిచాడు.

ఆయన ఆమెకన్నా ఆరేళ్ళు చిన్న. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె తరగతి గుమ్మం పక్కన నిలబడి పాఠం ఎలా చెప్పాలో విని నేర్చుకున్నవాడు. అందుకే ముందు కుర్చీ చూపించాడు, తరవాత మంచినీళ్ళు తెప్పించాడు, తరవాత కిటికీలోంచి బయటికి చూశాడు. ఇన్ని మర్యాదలు చేస్తున్నాడంటే వచ్చేది మంచి కబురు కాదని ఆమెకి అప్పుడే అర్థమైంది.

మొదటి పరీక్షలో బి సెక్షనులో లెక్కలు పాసైనవాళ్ళు తొమ్మిదిమంది. నలభై ఒక్కరిలో తొమ్మిది. కిందటేడు ఇదే పరీక్షకి పదమూడు, అంతకు ముందేడు పదహారు. పైఆఫీసులో కొత్త నిబంధన వచ్చింది: వరసగా మూడేళ్ళు సగం మంది కూడా పాసవని సెక్షను టీచరుని బోధన నుంచి తప్పించాలి. హెడ్మాస్టరు ఎలాగో ఒక గడువు అడిగి తెచ్చాడు. పది వారాల్లో అర్ధ సంవత్సరం పరీక్ష. పాతికమంది పాసైతే తరగతి ఆమెదే. లేకపోతే తరగతి ఎ సెక్షను చెప్పే కొత్త మాస్టారికి, ఆమె పుస్తకాల గదికి.

"పేపరు కఠినంగా ఇచ్చారు," అంది ఆమె.

"ఎ సెక్షనుకీ అదే పేపరు మేడమ్," అన్నాడు ఆయన, ఇంకా కిటికీలోకే చూస్తూ.

పుస్తకాల గది మెట్ల కింద ఉండేది. ఒకటే కిటికీ, అదీ గోడకి ఎదురుగా. పాత పాఠ్యపుస్తకాలు కట్టలు కట్టి నేల నుంచి పైకప్పు దాకా పేర్చి ఉండేవి. అక్కడికి వెళ్ళినవాళ్ళు రిటైరయ్యేదాకా మళ్ళీ సుద్దముక్క పట్టలేదు. అంతకుముందు అక్కడ కూర్చున్న డ్రాయింగు మాస్టారు మధ్యాహ్నం టీకి బయటికొచ్చినప్పుడు ఎండకి కళ్ళు చికిలించుకునేవాడు. పిల్లలు ఆయన్ని గుడ్లగూబ అనేవాళ్ళు. ఆమెకి ఇంకా తొమ్మిదేళ్ళ సర్వీసుంది. పాఠం చెప్పడం తప్ప ఆమెకి ఇంకో విద్య రాదు. ఇంట్లో వంట కూడా సగం ఆమె మొగుడే చేసేవాడు. సెలవుల్లో నాలుగో రోజు నుంచే ఒళ్ళు వెచ్చబడ్డట్టు ఉండేదామెకి.

మునుగుతున్నవాడు తనకి వచ్చిన ఈతే మరింత గట్టిగా కొడతాడు. ఆమె కూడా అదే చేసింది. బడికి గంట ముందు తరగతి పెట్టింది. బడి అయ్యాక ఇంకో గంట. కేకలు ఇంకా పెద్దవయ్యాయి. కుట్టుమిషను ఆయనకి ఇప్పుడు టైము తెలియడం మానేసింది. ఆమె గొంతు రేకు గీసినట్టయింది; బుగ్గన మాత్ర పెట్టుకుని చెప్పింది. ఆదివారం కూడా పిల్లల్ని రమ్మంటే పన్నెండుమంది వచ్చారు, ఆ పన్నెండుమంది చేతా నలభై మంది కేక వేయించింది. మూడు వారాలు అలా కరిగిపోయాయి. స్టాఫ్‌రూములో అందరూ అయ్యో అనేవారే. సైన్సు టీచరు మాత్రం, ఆమె క్లాసు ఇంత హుషారుగా ఉంటే పిల్లలు ఎందుకు పోతున్నారో తనకి అంతుబట్టడం లేదని అంది. మంచి మనసుతోనే అంది. ఆ మాట ఆమెకి రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు.

నాలుగో వారం సోమవారం ముందు బెంచీ పిల్లకి జ్వరమొచ్చింది.

ఆ పిల్ల పేరు హాజరు పట్టీలో మూడోది. సన్నగా, రెండు జడలతో, టీచరు మొహంలోంచి కళ్ళు తిప్పకుండా కూర్చునేది. ఆ రోజు ఆ పిల్ల రాలేదు, అంతే. పాఠం శాతాలు. టీచరు ఎప్పటిలాగే చెయ్యి లేపి, "కాబట్టి దీన్ని నూరుతో గుణిం..." అని ఆగింది.

ఎవరూ ఏమీ అనలేదు.

ఆమె మళ్ళీ అంది. రెండో వరసలో ఎవరో "చి" అని సణిగారు, వాళ్ళ వెనక ఇద్దరు "చాలి" అన్నారు. మిగిలినవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆమెకి ముందు కోపమొచ్చింది. కూడబలుక్కుని అల్లరి చేస్తున్నారనుకుంది. ఈ సమయంలోనా, తన పీక మీద కత్తి ఉన్నప్పుడా అనుకుంది. నోళ్ళు పడిపోతే చేతులున్నాయిగా అని కాగితాలు చింపి తలా ఒక ముక్క ఇచ్చింది. బల్ల మీద రెండు నెలల కిందట అయిపోయిన పాఠంలోంచి అందరికన్నా చిన్న లెక్క వేసింది: అరా, మూడో వంతూ కలిపితే ఎంత? ఎవరి ముక్క వాళ్ళే, పక్కకి చూస్తే వీపు చిట్లుతుంది అని చెప్పి, గంట కొట్టేలోగా నలభై ముక్కలూ పోగుచేసింది.

ఆ ముక్కలు ఇంటికి తెచ్చి వంటగది బల్ల మీద పరిచింది. అయిదింట రెండు వంతులు అని ముప్ఫై మూడుమంది రాశారు. పైవి పైవి కలిపారు, కిందవి కిందవి కలిపారు. సరిగ్గా రాసినవాళ్ళు ఏడుగురు. అందులో మూడు ఒకటే బెంచీవి, కొట్టివేతలతో సహా ఒకలాగే ఉన్నాయి. అర రొట్టె చేతిలో పెట్టి, దానికి ఇంకో ముక్క కలిపి ఇస్తే, మొత్తం అర కన్నా తగ్గిపోయిందని ముప్ఫై మూడుమంది రాసి ఇచ్చారు. వాళ్ళకి అది వింతగా అనిపించలేదు. ఆ పాఠం చెప్పిన రోజున ఆఖర్న ఆమె "అర్థమైం..." అంటే "దీ" అన్నది ఈ ముప్ఫై ముగ్గురే. ఆ "దీ" వీధి చివరిదాకా వినబడింది.

ఆమె ఆ ముక్కలు రెండుసార్లు లెక్కపెట్టింది. తరవాత ఇరవై ఆరేళ్ళని ఏడాదికి ఎనభై మంది చొప్పున లెక్కేయబోయి, మధ్యలో మానేసింది.

మర్నాడు ముందు బెంచీ పిల్ల వచ్చింది. కేక కూడా వచ్చింది, ఎక్కడికీ పోనట్టు. టీచరు ఎప్పటి గొంతుతోనే, ఎప్పటిలాగే చెయ్యి లేపి, "మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్..." అంది.

"దది!" అంది తరగతి. చూరు అదిరేలా అంది.

మధ్యాహ్నం ఆ పిల్లని వరండాలోకి పిలిచి, ఏది పెద్దదో నీకు తెలుసా అని మెల్లగా అడిగింది. మూడో వంతే పెద్దదని పిల్ల తడుముకోకుండా చెప్పింది.

"మరి పొద్దున అలా ఎందుకన్నావే?"

"మీరు సగం అన్నారు కదా టీచర్. మిగతా సగం నేనన్నాను." ఆ పిల్లే మళ్ళీ, "నేనంటే వాళ్ళంటారు," అంది, తప్పేదో చేసినట్టు కాదు, వరసలో నిలబడే సంగతి చెప్పినట్టు.

ఆ సాయంత్రం ఆమె మొగుడు డ్యూటీ దిగి వచ్చేసరికి దీపం కూడా వెయ్యకుండా బల్ల దగ్గరే ఉంది. ఆయన సిటీ బస్సు కండక్టరు. ముప్ఫై ఏళ్ళు బస్సులో నిలబడినవాడు కావడాన ఇంట్లో కూడా దేనికో ఒకదానికి ఆనుకునే మాట్లాడేవాడు. కాగితం ముక్కలు చూశాడు, ఆమె చెప్పింది విన్నాడు. ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఆయనకి తెలిసిన మందు ఉండేది, టీ పెట్టి ఇచ్చేవాడు. ఏడవకపోయేసరికి తలుపుకి ఆనుకుని చాలాసేపు చెవి గోక్కున్నాడు.

"మా బస్సులో నేను రోజూ అరుస్తాను, అందరూ టికెట్లు తీసుకున్నారా అని," అన్నాడు చివరికి. "తీసుకున్నాం అంటారు, బస్సంతా. టికెట్టు లేనివాడు ఇంకాస్త గట్టిగా అంటాడు."

"అయితే?"

"అయితే ఏముందీ, ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళి చూస్తాను. జీతమిచ్చేది దానికే కదా టీచరమ్మా. అరవడానికైతే హారను చాలు."

ఆమెకి ఒళ్ళు మండింది. బస్సూ బడీ ఒకటేనా అని, ఆ రాత్రికి వంట కూడా ఆయన్నే చేసుకోమంది. కానీ మర్నాడు బడికి వెళ్ళేటప్పుడు దారిలో దుకాణంలో ఆగి రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొంది. పిల్లకి రెండు పేజీల చొప్పున కేటాయించి, పైన హాజరు నంబరు వేసింది.

ఆ రోజు నుంచి బి సెక్షనులో కేకలు ఆగిపోయాయి.

చెప్పినంత తేలిక కాలేదు. ప్రశ్న అడిగి ఊరుకోవాలి. నోరు మూసుకుని, ఎవరో ఒకరి పేరు పిలిచి, ఆ ఒక్కరూ చెప్పేదాకా ఆగాలి. ఇరవై ఆరేళ్ళుగా ఖాళీ కనబడితే మాటతో నింపిన మనిషి. మూడో క్షణానికే ఆమె పెదాలు వాటంతటవే కదిలేవి. సుద్దముక్క నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేది. పెదాలన్నీ తెల్లబడి, పిల్లలు నవ్వేవాళ్ళు. లోపల అంకెలు లెక్కపెట్టుకునేది. అయిదు దాటితే చెమట పట్టేది. పిల్లలకి అంతకన్నా భయం. ఇంతకాలం గుంపులో తల దాచుకున్నవాళ్ళు, పేరు పెట్టి పిలిస్తే, ఏదో దొంగతనం బయటపడ్డట్టు లేచి నిలబడేవాళ్ళు. ఒకమ్మాయి ఏడ్చేసింది. ముందు బెంచీ పిల్ల అయితే చెప్పకుండా ఉండలేక రెండు చేతులతో నోరు మూసుకుని ఊగిపోయేది.

మూడో రోజు హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చాడు. చప్పుడు లేకపోయేసరికి టీచరు కళ్ళు తిరిగి పడిపోయిందనుకున్నాడట. గుమ్మంలో నిలబడి చూస్తే నలభై ఒక్కమంది పాత వార్తాపత్రిక చీలికలు మడతపెడుతున్నారు, సగానికి, మూడు వంతులకి. కిటికీ పక్క పిల్ల నేల మీద బాసింపట్టు వేసుకుని మూడో వంతు చీలికనీ నాలుగో వంతు చీలికనీ పక్కపక్కన పెట్టి, ఏదో మోసం జరిగినట్టు మళ్ళీ మళ్ళీ కొలుస్తోంది. నాలుగు మూడు కన్నా పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదని ఆ పిల్ల మూడేళ్ళుగా నమ్ముతోంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

"ఏ పాఠం మేడమ్ ఇది?" అన్నాడు హెడ్మాస్టరు.

"నాలుగో తరగతిది," అంది ఆమె.

ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

నోటుపుస్తకం నిండుతున్న కొద్దీ ఆమెకి నిద్ర కరువైంది. అడక్కముందు ఒకటే తప్పు, ఒకటే తరగతి. అడగడం మొదలుపెట్టాక నలభై ఒక్క రకాల తప్పులు. పద్నాలుగో నంబరుకి ఎక్కాలు వచ్చు గానీ భాగహారంలో దేన్ని దేంతో భాగించాలో తెలియదు. పెద్ద అంకె ఎప్పుడూ ముందుంటుందని వాడి నమ్మకం. తొమ్మిదో నంబరు లెక్క బాగా చేస్తాడు. కానీ చదవడం నెమ్మది, బల్ల మీద లెక్క చదివేలోగా ఆమె చెరిపేసేది. అయిదో తరగతి నుంచీ వాడు మొద్దు అనే పేరు మోస్తున్నాడు. ఇరవై ఎనిమిదో నంబరుకి ఏమీ రాదు. నిజంగానే ఏమీ రాదు, సంఖ్యలు వంద దాటితే పిల్ల కళ్ళలో దీపం ఆరిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క మందు కావాలి, మందులకి టైము కావాలి. టైమేమో ఆరు వారాలుండేది అయిదైంది, నాలుగైంది.

పరీక్షకి పన్నెండు పాఠాలు. ఆమె ఆరు దగ్గర నుంచి వెనక్కి నడిచి, రెండు దగ్గర కూర్చుంది. కొత్త మాస్టారు పదకొండులో ఉన్నాడు. పాఠాల రిజిస్టరు చూసి హెడ్మాస్టరు ఎర్రసిరాతో గీత గీసి పంపాడు. ఆ గీత చూసిన రోజున ఆమె ధైర్యం జారిపోయింది. మళ్ళీ చెయ్యి లేపింది. నాలుగు రోజుల్లో తొమ్మిదీ పదీ పాఠాలు ఊదిపారేసింది, పాత పద్ధతిలో, కేకలతో. కుట్టుమిషను ఆయన, టీచరు కోలుకున్నట్టుందని గిరాకీతో అన్నాడట. శనివారం కాగితం ముక్కలు పంచింది. ముప్ఫై ఎనిమిదిమంది ఖాళీగా ఇచ్చారు. రిజిస్టరులో రెండు పాఠాలు అయిపోయాయి, అంతే. అవి అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు.

ఆదివారమంతా ఆమె మంచం మీద గోడకి తిరిగి పడుకుంది. ఎలాగైనా పోయేదే కదా అనుకుంది. పరీక్ష కోసం చెబితే పిల్లలకి రాదు, పిల్లల కోసం చెబితే పరీక్షకి చాలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనేవాళ్ళు తన చిన్నప్పుడు. ఆ సామెత చెప్పినవాడు ఎప్పుడైనా ఆ మధ్యన నిలబడి ఉంటాడా అనుకుంది. సోమవారం వెళ్ళి మూడో పాఠం మొదలుపెట్టింది.

మిగిలిన మూడు వారాల్లో ఎనిమిదో పాఠం దాకా వచ్చింది. ముందు నేర్చుకున్నవాళ్ళని రానివాళ్ళ పక్కన కూర్చోబెట్టింది. జవాబు చెప్పకూడదు, ఎలా చేశావో అడగాలి అని షరతు పెట్టింది. కిటికీ పిల్ల, తనకి అర్థమైన మర్నాడే, పక్కదాన్ని పోలీసులా నిలదీసింది. తొమ్మిదో నంబరు కోసం లెక్క చెరపడం మానేసి, బల్ల మీద ఒక మూల గీత గీసి అక్కడ వదిలేసింది. ఆ రోజుల్లో ఆమె ఆరు కిలోలు తగ్గింది. మొగుడు తెచ్చిపెట్టిన బత్తాయి రసం తాగుతూ కూడా, ఇరవై ఎనిమిదో నంబరుకి నూటికి పైన ఎలా చూపించాలా అని సీసా మూతలు వరసలు పేర్చేది. చివరి వారంలో ఆ పిల్ల నూట ఇరవై దాకా వచ్చింది. పరీక్షలో నూట ఇరవైతో పనిలేదు.

పరీక్ష అయింది. పేపర్లు కొత్త మాస్టారు దిద్దాడు. ఎ సెక్షనువి ఆమె దిద్దింది. దిద్దుతూ మధ్యలో ఒకసారి పెన్ను ఆపింది: అయిదింట రెండు వంతులు. ఎ సెక్షనులోనూ ఉంది అది, పదకొండు పేపర్లలో.

పాసైనవాళ్ళు పందొమ్మిది.

ఈసారి హెడ్మాస్టరు కిటికీలోకి చూడలేదు. పేపర్లు ఆమె ముందుకు జరిపాడు. మొదటి ఎనిమిది పాఠాల లెక్కలు దాదాపు అందరూ మొదలుపెట్టారు, సగం మంది చివరిదాకా చేశారు. తరవాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. తప్పిన ఇరవై ఇద్దరిలో పదిమందికి నాలుగయిదు మార్కులే తక్కువ. ఆ తెల్ల పేజీల్లో ఏ ఒక్క లెక్క వచ్చినా దాటేవాళ్ళు.

"తొమ్మిది నుంచి పందొమ్మిది. నేను కాదనను," అన్నాడాయన. "కానీ పాతిక అని రాసిచ్చాం మేడమ్."

ఆమె జీవితంలో ఎవరినీ ఏదీ అడుక్కోలేదు. బదిలీ వద్దనీ అడగలేదు, దగ్గర బడి కావాలనీ అడగలేదు. ఇప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడి అడిగింది. చేతులు కట్టుకుని, పిల్లలు నిలబడ్డట్టే నిలబడి అడిగింది. ఏడాది చివరిదాకా ఉంచమంది. కుదరదంటే ఆ ఇరవై ఇద్దరినే తనకి వదిలెయ్యమంది. అదీ కుదరదంటే బడికి ముందు ఒక గంట, వరండాలో చాలు, గది కూడా వద్దంది. ప్రతిదానికీ ఆయన తల అడ్డంగా ఊపాడు. బోధన నుంచి తప్పించినవాళ్ళు బోధించకూడదని నిబంధన. ఉత్తర్వు మీద సంతకం నిన్ననే అయిపోయింది.

"నీకు తెలుసు కదయ్యా," అంది ఆమె, ఎన్నో ఏళ్ళ తరవాత ఆయన్ని ఏకవచనంలో. "నాకిప్పుడే పాఠం చెప్పడం వస్తోంది."

ఆయన సొరుగు తెరిచి పుస్తకాల గది తాళంచెవి తీసి, ఆమె చేతికి ఇవ్వలేక బల్ల మీద పెట్టాడు.

తరగతి అప్పగించడానికి స్టాఫ్‌రూములో అరగంట ఇచ్చారు. కొత్త మాస్టారికి ఇరవై ఏడేళ్ళు. చెడ్డవాడు కాదు, సిగ్గుపడుతూ ఉన్నాడు, అందుకే త్వరగా తేల్చేసుకుని వెళ్ళాలని చూస్తున్నాడు. హాజరు పట్టీ తీసుకున్నాడు, మార్కుల రిజిస్టరు తీసుకున్నాడు.

"ఎన్ని పాఠాలయ్యాయి మేడమ్?"

"అది తరవాత. కూర్చో బాబూ," అని ఆమె నోటుపుస్తకం తెరిచింది. "ఒకటో నంబరు. తీసివేతలో అప్పు తెచ్చిన అంకె మరిచిపోతాడు. వేళ్ళ మీద లెక్కపెట్టనివ్వు, తిట్టకు. రెండు. వీడికి అన్నీ వచ్చు, వచ్చని వాడికే తెలియదు. రాదని ముందే చేతులెత్తేస్తాడు. మూడు, ముందు బెంచీ పిల్ల. చురుకైంది. నీ మొహం చూసి జవాబు చెబుతుంది, కాబట్టి అడిగేటప్పుడు బల్లవైపు తిరుగు. రాసుకో."

అతను నవ్వబోయి, ఆమె నవ్వకపోవడం చూసి, పెన్ను తీశాడు. నాలుగు, అయిదు, ఆరు. ఏడో నంబరు దగ్గర, ఈ పిల్లని ఏదైనా అడిగాక పదిహేను దాకా లెక్కపెట్టుకుని ఆగమంది. పద్నాలుగు దగ్గర చెబుతుందంది. పదిహేనా అన్నాడతను. అవునంది. తొమ్మిదో నంబరు గురించి చెప్పాక, నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. ఏ పిల్లకి ఏది వచ్చో ఒక్క మాటలో, ఏది రాదో రెండు మాటల్లో చెప్పింది. అతను మొదట్లో పొడి మాటలు రాశాడు. పదో నంబరు దాటాక వాక్యాలు రాయసాగాడు. పద్నాలుగో నంబరు దగ్గర తల ఎత్తి, ఇలాంటివాడు తన సెక్షనులోనూ ఉన్నాడేమో అన్నాడు.

"ఉంటారు. అడిగి చూడు," అంది ఆమె. "పదిహేను."

పద్దెనిమిదో నంబరు మధ్యలో ఉండగా గంట కొట్టారు. అతను లేచాడు. ఏడో తరగతి బి, ఇదే పీరియడు, పిల్లలు ఎదురు చూస్తుంటారు మేడమ్ అన్నాడు. ఆ నోటుపుస్తకం ఇచ్చేస్తే తనే చదువుకుంటానన్నాడు. ఆమె ఇవ్వలేదు. తన రాత తనకే అర్థం కాదంది. అది అబద్ధం; అక్షరాలు అచ్చు వేసినట్టుంటాయి. ఇచ్చేస్తే అది అలమారాలోకి పోతుందని ఆమెకి తెలుసు.

ఆమె అతని వెంట నడిచింది. వరండాలో పందొమ్మిది చెప్పింది. నీళ్ళ కుళాయి దగ్గర ఇరవై చెప్పింది. అతను నడుస్తూనే అరచేతిలో పుస్తకం పెట్టుకుని రాసుకున్నాడు. ఇరవై ఒకటి అయ్యేసరికి మెట్లొచ్చాయి. ఎడమపక్క తరగతి, కుడిపక్క కిందికి పుస్తకాల గది. గుమ్మంలోంచి నలభై ఒక్కమందీ తొంగిచూస్తున్నారు.

"రేపు మేడమ్," అన్నాడతను.

"ఇంకా ఇరవై మంది ఉన్నారు బాబూ."

"రేపు తప్పకుండా."

"ఇరవై ఎనిమిదో నంబరు ఒక్కటీ రాసుకుని వెళ్ళు," అంది ఆమె. "రేపటిదాకా ఆగేది కాదు అది."

అతను తరగతివైపు చూశాడు, గడియారంవైపు చూశాడు. తరవాత గోడకి ఆనుకుని, ఒక పేజీ తిప్పి, చెప్పండి అన్నాడు.